మందు మానాలన్నా, మాన్పించాలన్నా: గోదావరి జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం… ఏ ఊరివాళ్ళతో మాట్లాడినా ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అడిగేది ఎక్కువగా భార్యలు, తల్లులు, పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లలు. ఈమధ్య తాగేవాళ్ళే నేరుగా అడుగుతున్నారు, అది మంచి మార్పు. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే పెట్టాం. మీకు కావలసిన చోట నుంచి చదువుకోండి. ఒక్క మాట ముందే చెప్పాలి: రోజూ తాగే మనిషి చేత గుడిలో ప్రమాణం చేయించే ముందు డాక్టరుకి చూపించండి. మా దగ్గరికి వచ్చే కష్టాల్లో సగం ఆ వరస తప్పడం వల్ల వచ్చినవే.

## అసలు ఇది సమస్యేనా?

మా ఆయన రాత్రికి ఒక్క క్వార్టరే తాగుతారు. పనికి వెళ్తారు, గొడవ చెయ్యరు. దీన్ని కూడా సమస్య అంటారా?

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్, క్వార్టర్‌లో 60 గ్రాములు. మగవాళ్ళు రోజుకి 60 గ్రాములు దాటితే ప్రమాదం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ‘ఒక్క క్వార్టరే’ అన్నది సరిగ్గా ఆ గీత మీద ఉంది. పండక్కో, కూలి డబ్బులు చేతికొచ్చిన రోజో ఇంకో పెగ్గు పడితే గీత దాటినట్టే. గొడవ చెయ్యకపోవడం మంచి విషయమే కానీ, లివర్‌కి ఆ లెక్క ఉండదు. గొడవ చెయ్యని మనిషిని ఇంట్లోవాళ్ళు ఆలస్యంగా తీసుకొస్తారు, మా బాధ అదే. కళ్ళు పచ్చబడ్డాక, పొట్టలో నీరు చేరాక వస్తున్నారు.

అలవాటుకీ జబ్బుకీ తేడా ఎలా తెలుస్తుంది?

డాక్టర్లు చాలాకాలంగా అడిగే నాలుగు ప్రశ్నలున్నాయి. తగ్గించాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా? పొద్దున్న లేవగానే వేసుకోవాల్సి వచ్చిందా? రెండింటికి ‘అవును’ అంటే డాక్టరుని కలవాల్సిందే. ఇంకా వివరంగా చూడాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పరీక్ష ఉంది. నలభైకి ఎనిమిదో ఆపైనో వస్తే జాగ్రత్తపడాలి, ఇరవయ్యో ఆపైనో వస్తే చాలావరకు వైద్యం అవసరం.

మా అనుభవంలో ఇంకో గుర్తు ఉంది. ఆ మనిషి రోజు మొత్తం దేని చుట్టూ తిరుగుతోందో చూడండి. షాపు తెరిచే టైమూ, కట్టేసే టైమూ చూసుకుని పనులు పెట్టుకుంటున్నాడంటే మందు చెప్పినట్టు మనిషి నడుస్తున్నాడనే అర్థం.

పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి. కొంచెం వేసుకుంటే ఆగిపోతాయి. బలహీనతా?

కాదు. శరీరం మందుకి అలవాటు పడిపోయింది. ఆల్కహాల్ మెదడుని మందగింపజేస్తుంది. రోజూ అలా జరిగితే, దానికి ఎదురుగా మెదడు తన వేగం పెంచుకుంటుంది. రాత్రి తాగింది దిగిపోయేసరికి ఆ పెరిగిన వేగం ఒక్కటే మిగులుతుంది. వణుకు, చెమట, గుండెదడ, వాంతి వచ్చేటట్టు ఉండటం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం అందుకే. ఈ దశకి వచ్చిన మనిషి ఇంట్లో తనంతట తాను ఒక్కసారిగా మానకూడదు.

కల్లు ఒంటికి చలవ అంటారు. అది కూడా మానాలా?

సున్నం పూసిన లొట్టిలో తెల్లవారుజామున దించింది నీరా. అందులో ఆల్కహాల్ ఉండదు. సున్నం లేని లొట్టిలో పులవడం చెట్టు మీదే మొదలవుతుంది, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది. మధ్యాహ్నం తాగే తాటి కల్లులో మామూలు బీరుకి తగ్గకుండా ఆల్కహాల్ ఉండొచ్చు. ఎప్పుడో ఓ లొట్టి తాగే మనిషి సంగతి వేరు. ఒకసారి మందుకి బానిసై మానిన మనిషికి మాత్రం కల్లూ మందే. పాత దారిలోకి లాగడానికి అది చాలు.

రోజూ కొంచెం తాగితే గుండెకి మంచిదని పేపర్లో చదివాను. నిజమేనా?

పాత పరిశోధనల్లో అలా కనిపించింది. అసలు తాగనివాళ్ళ కంటే కొద్దిగా తాగేవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్కలు తేలాయి. తర్వాత వాటిని తరచి చూస్తే లోపం బయటపడింది: ‘తాగనివాళ్ళు’ అని రాసుకున్నవాళ్ళలో జబ్బు చేసి మానేసినవాళ్ళు కూడా కలిసిపోయారు. వాళ్ళని పక్కనపెడితే ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. మద్యాన్ని, క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన పదార్థాల జాబితాలో 1988లోనే చేర్చారు. ఆరోగ్యానికి ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

మా మావగారు తాగేవారు, ఇప్పుడు మా ఆయన. రేపు మా అబ్బాయి కూడా అంతేనా?

కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఈ జబ్బు వచ్చే అవకాశంలో దాదాపు సగం వంశం నుంచి వస్తుంది. మిగతా సగం పెరిగిన వాతావరణం, స్నేహాలు, మొదట ఏ వయసులో రుచి చూశాడన్నది. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే బానిసయ్యే ప్రమాదం అంత పెరుగుతుంది. పెళ్ళిళ్ళలో, జాతరల్లో పదహారేళ్ళ కుర్రాడికి బాబాయిలే సరదాగా గ్లాసు అందించడం మనం చూస్తూనే ఉంటాం. మీ చేతిలో ఉన్నది అది ఆపడమే. రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం అమ్మడమే నేరం.

## మానే ముందు

ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటున్నారు. దాంతో మానేస్తారని ఆశ. మంచిదేనా?

సంకల్పం చాలా మంచిది. మాల పుణ్యాన శాశ్వతంగా మానినవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. కానీ రోజూ ఎక్కువగా తాగే మనిషి మాల వేసుకున్న రోజే ఒక్కసారిగా ఆపితే మొదటి నాలుగైదు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. పైగా ఆ రోజుల్లో చన్నీటి స్నానాలు, ఒంటిపూట భోజనం. మాలకి పది పదిహేను రోజుల ముందే డాక్టరుని కలవండి. వారం రోజుల మందుల కోర్సుతో శరీరాన్ని క్షేమంగా మాన్పించి, ఆ తర్వాత మాల వేయించండి. దీక్ష చేయించే గురుస్వాములకి కూడా ఈ మాట చెప్పండి, దయచేసి.

రెండో ప్రమాదం మాల తీశాక. 41 రోజుల్లో శరీరం మందుని తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. ఇరుముడి ఇచ్చి వచ్చిన రాత్రి పాత మోతాదే తాగితే ప్రాణం మీదికి రావచ్చు. తిరిగొచ్చే రోజు ఇంట్లోవాళ్ళు దగ్గర ఉండండి.

ఆయనకి తెలియకుండా కూరలో కలిపే పొడి ఉందట. వాడొచ్చా?

వద్దు. అలా అమ్మే పొడుల్లో ఏముందో ఎవరూ చెప్పరు. కొన్నిసార్లు డైసల్ఫిరామ్ అనే అసలు మందునే పొడి చేసి ఇస్తారు. అది డాక్టరు చేతిలో మంచి మందు. వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. అందుకే ఆ సంగతి తెలిసిన మనిషికే, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. తెలియకుండా పెడితే ఆ రాత్రి ఎప్పటిలాగే తాగుతాడు. గుండెజబ్బు ఉంటే మనిషి దక్కకపోవచ్చు. దాని ప్రభావం ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఉంటుంది. మీ బాధ మాకు తెలుసు. అన్ని దారులూ మూసుకుపోతేనే ఎవరైనా ఆ పొడి కొంటారు. కానీ భార్య చేతి అన్నం మీద నమ్మకం పోతే, ఆ తర్వాత ఏ వైద్యానికీ ఆ మనిషి మీ మాట వినడు.

పసరు పోయిస్తే మానతారని చెప్తున్నారు. తీసుకెళ్ళమంటారా?

పసరుతో మందు మానతారని చూపించిన పరిశోధన లేదు. పోసిన తర్వాత ‘తాగితే చస్తావు’ అన్న భయంతో కొందరు కొన్నాళ్ళు ఆగుతారు. ఆ భయంతోనే ఒక్కసారిగా మానేసి ఫిట్స్‌తో ఆసుపత్రికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. లివర్ ముందే దెబ్బతిన్నవాళ్ళకి తెలియని ఆకుల రసం ఇంకో దెబ్బ.

ఆసుపత్రి అంటేనే మీద పడుతున్నారు. ఎలా ఒప్పించాలి?

తాగి ఉన్నప్పుడు మాట్లాడకండి, నలుగురిలో అసలే వద్దు. పొద్దున్న, ఒంట్లో బాగోలేదని తనే అన్న రోజు చూసుకోండి. ‘నువ్వు తాగుబోతువి’ అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. ‘నిద్ర పట్టట్లేదు కదండీ, చేతులు వణుకుతున్నాయి కదా, ఒకసారి చూపిద్దాం’ అనండి. నిద్ర కోసం, గ్యాస్ కోసం వెళ్ళినా పరవాలేదు, డాక్టరు ముందు కూర్చోవడం ముఖ్యం. ఆయన గౌరవించే మనిషి ఒకరు, బావో మేనమామో పాత మాస్టారో, పక్కన ఉంటే మంచిది. ఆయన రాకపోతే మీరొక్కరే వెళ్ళి మాట్లాడొచ్చు. చాలామందికి ఆ సంగతి తెలియదు.

## మానిన మొదటి వారం

నిన్న మానేశారు, ఇవాళ ఫిట్స్ వచ్చాయి. ఏం చెయ్యాలి?

వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, ఇనప ముక్కలు పెట్టొద్దు. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్ళు పొయ్యొద్దు. ఆఖరిసారి ఎప్పుడు తాగారో, రోజూ ఎంత తాగేవారో ఆసుపత్రిలో దాచకుండా చెప్పండి. మందు ఆపిన 6 నుంచి 48 గంటల్లో వచ్చే ఫిట్స్‌కి చేసే వైద్యం వేరు. పరువు కోసం ‘మా ఆయన తాగరండి’ అంటే డాక్టరు వేరే జబ్బు వెతుక్కుంటూ కూర్చుంటారు.

మానిన మూడో రోజు నుంచి ఎవరో పిలుస్తున్నారంటున్నారు, గోడ మీద పురుగులంటున్నారు. గాలి సోకిందా?

గాలీ కాదు, ధూళీ కాదు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మానిన రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల ఎక్కువగా వస్తుంది. ఎక్కడున్నాడో తెలియదు, నిద్ర ఉండదు, ఒళ్ళంతా చెమట. కొందరు తాము రోజూ చేసే పనిని చేతులతో చేసేస్తుంటారు. వేటకెళ్ళే మనిషి మంచం మీద కూర్చుని లేని వలని రెండు చేతులతో లాగుతూనే ఉంటాడు, మధ్యలో ముళ్ళు విప్పుతుంటాడు. చూసినవాళ్ళు భయపడి భూతవైద్యుడి దగ్గరికి పరిగెడతారు. అక్కడ పోయే ఒక్క రాత్రి చాలా విలువైనది. ఆసుపత్రిలో సమయానికి వైద్యం అందితే నూటికి తొంభై అయిదు మందికి పైగా బతుకుతారు. అందకపోతే మరణాలు ఎన్నో రెట్లు ఎక్కువ.

నీరసంగా ఉన్నారని ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తామంటున్నారు. ఎక్కించొచ్చా?

ముందు బీ1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్ ఇచ్చారా అని అడగండి. ఎక్కువగా తాగేవాళ్ళ ఒంట్లో అది అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చైపోయి, చూపు తిరగడం, నడక తూలడం, తికమక మొదలవ్వచ్చు. దానికి వైద్యం ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. బీ1 ఇంజెక్షన్ చాలా చవక. ఇంత చవకైన మందు అందక మనిషి తన పిల్లల పేర్లు మర్చిపోయే స్థితికి రావడం కంటే అన్యాయం ఉండదు.

నాటు సారా తాగాక కళ్ళు మసకలు కమ్మాయి. తెల్లారితే తగ్గుతుందా?

తెల్లారేదాకా ఆగకండి. సారాలో మిథైల్ ఆల్కహాల్ కలిస్తే అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని తినేస్తుంది. మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. కొన్ని గంటల తర్వాత చూపు మసక, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. విరుగుడు ఉంది, డయాలసిస్ ఉంది, కానీ గంటల్లో అందాలి. ఆయనతో పాటు తాగినవాళ్ళని కూడా, బాగానే ఉన్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

## వైద్యం ఎక్కడ, ఎలా?

మాకు దగ్గర్లో ఎక్కడ చూపించాలి? డబ్బు అంతగా లేదు.

ప్రభుత్వ బోధనాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళండి. కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. రాజమహేంద్రవరం, ఏలూరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కోనసీమవాళ్ళకి కాకినాడ గానీ రాజమండ్రి గానీ, భీమవరం వైపు వాళ్ళకి ఏలూరు అనుకూలం. చీటీ రాసే చోట ‘సైకియాట్రీ ఓపీ’ అని చెప్తే చాలు. ఆధార్, పాత మందుల చీటీలు తీసుకెళ్ళండి. ఒక కాగితం మీద ఎన్నేళ్ళుగా, రోజుకెంత, ఆఖరిసారి ఎప్పుడు, ముందెప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నవి రాసుకోండి.

ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్. రెండూ ఉచితం. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా ముప్పై ఏడు మందిలో మీ ఇంటి మనిషి ఉండాల్సిన పని లేదు.

డీఅడిక్షన్ సెంటర్‌లో గొలుసులతో కడతారట, కొడతారట. పంపాలంటే భయంగా ఉంది.

భయపడటం సహజం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టులో మానసిక రోగుల షెడ్డుకి నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది సజీవంగా కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలని కూడా తన పరిధిలోకి తెచ్చింది. గొలుసులతో కట్టడం నేరమైంది. చేర్చే ముందు నాలుగు విషయాలు చూడండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థలో రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు నిజంగా వస్తారా, మొదటి వారం నర్సు రాత్రిపూట ఉంటారా, మీరు ఫోన్ చేసి ఆయనతో మాట్లాడొచ్చా. ‘నెలరోజుల దాకా కలవనివ్వం’ అనే చోట మీ మనిషిని వదలొద్దు. నడిరాత్రి జీపులో వచ్చి ఎత్తుకెళ్తామనే చోట అసలే వద్దు.

మాత్రలతో మానతారా? వాటికి మళ్ళీ బానిస అవరా?

మొదటి వారం వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే క్లోర్‌డయజిపాక్సైడ్, లోరజెపామ్ లాంటివి ఎక్కువకాలం వాడితే అలవాటవుతాయి. అందుకే రోజురోజుకీ తగ్గిస్తూ ఆపేస్తారు. ఆ చీటీ పట్టుకుని మెడికల్ షాపులో మళ్ళీ మళ్ళీ కొనకండి. తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వేరు, అవి అలవాటు కావు. నాల్ట్రెక్సోన్ వాడేవాళ్ళు ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. లివర్ బాగా దెబ్బతింటే డాక్టరు బాక్లోఫెన్ ఆలోచించవచ్చు. మాత్రలు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వాడాలి. తగ్గిందని నెలకే ఆపేయడం మేం ఎక్కువగా చూస్తున్న పొరపాటు.

ఊరికే మాట్లాడితే ఏం తగ్గుతుంది? కౌన్సెలింగ్ పని చేస్తుందా?

గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి వచ్చిన, హాని కలిగేంత తాగే మగవాళ్ళ మీద ఒక పరిశోధన చేశారు. డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరితో నాలుగు విడతల వరకు మాట్లాడించారు. ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు నెలలకి, కౌన్సెలింగ్ అందినవాళ్ళలో 36 శాతం ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డారు, అందనివాళ్ళలో 26 శాతం. మన పీహెచ్‌సీల్లో కూడా ఇది జరగాలి, జరిగే వీలుంది.

ఇంకో దారి ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో మొదలై 1957 నుంచి మన దేశంలో ఉంది. మానినవాళ్ళే మానాలనుకునేవాళ్ళతో కూర్చుని మాట్లాడతారు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఈ పద్ధతి పేరున్న ఇతర మాటల చికిత్సలకి తీసిపోదనీ, పూర్తిగా మానిన స్థితిని నిలబెట్టడంలో ఇంకా మెరుగనీ 2020లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష చెప్పింది. ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉంటాయి.

## మానిన తర్వాత

ఆరు నెలలు మానారు, సంక్రాంతికి కోడిపందాల దగ్గర మళ్ళీ తాగేశారు. అంతా వృథాయేనా?

కాదు. బీపీ, షుగర్ ఒక్కోసారి పెరిగినట్టే ఇదీ తిరగబెడుతుంది, అది జబ్బు స్వభావం. ఆ ఆరు నెలల్లో లివర్ కోలుకుంది, మెదడు కోలుకుంది, అదెక్కడికీ పోదు. మళ్ళీ తాగిన రోజు నుంచి డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు దాకా ఎన్నాళ్ళు పట్టిందన్నదే ముఖ్యం. రెండు రోజుల్లో వెళ్తే చాలామంది నిలదొక్కుకుంటారు. ‘ఎలాగూ పోయింది కదా’ అని ఇంట్లోవాళ్ళు చేతులెత్తేస్తే అది నెలలు సాగుతుంది. వచ్చే ఏడు ఆ మూడు రోజులూ బరుల వైపు వెళ్ళకుండా ముందే ఏర్పాటు చేసుకోండి. ఇంటికి వచ్చే అల్లుళ్ళకి కూడా ‘ఈ ఇంట్లో సీసా వద్దు’ అని ముందే ఫోన్ చేసి చెప్పండి. మర్యాద తక్కువేమీ కాదు.

రాత్రి తాగి పడుకుని పొద్దున్న ఆటో తీస్తారు. దిగిపోయినట్టేనా?

గంటకి దాదాపు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలే ఒంట్లోంచి పోతుంది. రాత్రి పదింటికి రెండు క్వార్టర్లు తాగితే మర్నాడు పదింటికి కూడా ఇంకా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ళు ఆ వేగాన్ని పెంచవు.

తాగి కొడుతున్నారు. జబ్బు అంటున్నారు కదా, భరించాలా?

భరించక్కర్లేదు. తాగుడు జబ్బే, కొట్టడం మాత్రం నేరం. 181కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు మీకు ఉంది. లాయరుకి డబ్బు లేకపోతే 15100కి చెయ్యండి, ఆడవాళ్ళకి ఉచిత న్యాయసహాయం ఉంటుంది. పిల్లలకి ప్రమాదమైతే 1098. ‘మానేదాకా ఓపిక పట్టమ్మా’ అని పెద్దలు అంటే, ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉన్న చోటు నుంచే వైద్యం సంగతి మాట్లాడతామని చెప్పండి.

మందు షాపులు మూయిస్తే సమస్య తీరిపోదా?

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో పోయింది. షాపు దూరమైతే, బెల్టుషాపు మూతపడితే కొత్తగా అలవాటయ్యేవాళ్ళు తగ్గుతారు, అందుకని పోరాడాల్సిందే. ఇప్పటికే బానిసైన మనిషికి అది చాలదు. షాపు మూసిన మర్నాడు అతనికి వణుకు మొదలవుతుంది. మీ ఊళ్ళో బెల్టుషాపు మూయించాలని అర్జీ పెడితే, అదే అర్జీలో పీహెచ్‌సీకి నెలకి రెండుసార్లైనా మానసిక వైద్యుడు రావాలని కూడా రాయండి.